వేయి సర్వర్ల వివరములు ఒక్కచోట

2021వ సంవత్సరము డిసెంబరు మాసమున లాగ్‌ఫోర్‌జే అను జావా ఉపకరణమునందు ఘోరమైన లోపమొకటి బయటపడినది. కంప్యూటరులో జరుగు సంఘటనలను చిట్టాగా వ్రాయుటకు వాడెడి చిన్న సాధనమది. దూరముననున్న అపరిచితుడు ప్రత్యేకముగా కూర్చిన ఒక పంక్తిని పంపి, అది చిట్టాకెక్కినంతనే సర్వరును తన వశము చేసికొనగలిగెడివాడు. ఆ మాసముననే ఒకదాని తరువాత నొకటిగా సవరణ ప్రతులు వెలువడినవి. కాని పెక్కు సంస్థలకు మందు దొరకుటకంటె రోగి యెవరో తెలిసికొనుటయే కష్టమైనది. మన సర్వర్లలో ఆ సాధనము ఎక్కడెక్కడ ఉన్నది?

ఇతర కంప్యూటర్లు కోరిన పనిని చేసిపెట్టు కంప్యూటరే సర్వరు. అట్టివి పది యున్నచో నిర్వాహకుడు ఒక్కొక్కదానిని పరిశీలించి పుస్తకములో వ్రాసికొనవచ్చును. వేయి యున్నచో, చివరిదానిని చేరునప్పటికి మొదటిదాని స్థితి మారిపోవును. కావున పూర్వము కరణములు గ్రామలెక్కలను జమాబందీకి కొనిపోయినట్లు, సర్వర్లే తమ వివరములను కేంద్రమునకు పంపు ఏర్పాటు కావలెను.

2005లో వెలువడిన పప్పెట్ అను నిర్వహణ సాధనము ఇందులకు మంచి ఉదాహరణము. ప్రతి సర్వరులోను దాని ప్రతినిధి ప్రోగ్రాము ఒకటి యుండును. ఫ్యాక్టర్ అను సహాయకుని ద్వారా అది జ్ఞాపకశక్తి పరిమాణము, ప్రాసెసరు రకము, ఆపరేటింగ్ సిస్టము పేరు, నెట్‌వర్కు చిరునామా మున్నగువానిని సేకరించును. ఇవి ఎక్కడనుండి వచ్చును? లినక్స్‌నందు ‘ప్రాక్’ అను డైరెక్టరీ కలదు. అందలి ఫైళ్ళు నిజమునకు డిస్కుమీద ఉండవు. ఎవరైన చదువబోయినప్పుడు కెర్నెలు అప్పటికప్పుడు వ్రాసి యిచ్చును. అందుచేత అవి ఎన్నడును పాతబడవు.

సేకరించిన వివరములు మామూలుగా 30 నిమిషముల కొకసారి, గుప్తీకరింపబడి, కేంద్రమునకు చేరును. పంపినది ఫలానా సర్వరే యని ధ్రువపత్రము సాక్ష్యమిచ్చును. పప్పెట్‌డీబీ అను భాగము వానిని పోస్ట్‌గ్రెస్ దత్తాంశనిధిలో భద్రపరచును. పిమ్మట సర్వర్ల జోలికి పోకయే నిధినే ప్రశ్నింపవచ్చును.

3,600 సర్వర్లు ఒకే క్షణమున పంపబూనినచో కేంద్రము ఉక్కిరిబిక్కిరి యగును. అవే అరగంటలో సమముగా విడిపోయినచో సెకనునకు 2 మాత్రమే. ఇందుకొరకే ప్రతి సర్వరును యాదృచ్ఛికముగా కొంత ఆలస్యము చేయునట్లు అమర్చు సదుపాయము కలదు. ఆన్సిబుల్ అను సాధనము పద్ధతి వేరు: అందు ప్రతినిధి యుండడు, కేంద్రమే వెళ్ళి అడుగును. అడిగి తెచ్చినది వేరుగా భద్రపరచు ఏర్పాటు చేయనిచో పని ముగియగనే మరపున పడును.

మౌనము వహించిన సర్వరు చిక్కు తెచ్చును. అది చెడిపోయినను నిధిలో దాని పాత వివరములు చెక్కుచెదరక నిలిచి, అంతయు సవ్యముగ నున్నట్లు భ్రమ గొలుపును. కావున ప్రతి వివరముతోను అది వచ్చిన వేళను గూడ చూడవలెను. నిధికి కాపలాయు అవసరమే. దొంగకు అంతకుమించిన ఊరి పటము లేదు.

లాగ్‌ఫోర్‌జే విషయమున నిధియున్నవారికిని పూర్తి జవాబు దొరకలేదు. స్థాపించిన ప్యాకేజీల పట్టికలో దాని పేరు లేకున్నను, వేరొక ప్రోగ్రాముయొక్క జార్ ఫైలులో, పెట్టెలోని పెట్టెవలె, అది దాగియుండవచ్చును. అడుగని ప్రశ్నకు సర్వరు జవాబు చెప్పదు. అయితే ఫ్యాక్టర్‌కు క్రొత్త ప్రశ్నలు నేర్పవచ్చును. జార్ ఫైళ్ళను విప్పి వెదకు చిన్న ప్రోగ్రామును వ్రాసి, ఫలితమును ఒక అదనపు వివరముగా పంపించవచ్చును. అరగంట కొకసారి డిస్కంతయు గాలించిన సర్వరు అలసిపోవును గనుక, వెదకుట రాత్రివేళ ఒక్కసారి జరిపి, ఫలితమును ఫ్యాక్టర్ చదువు డైరెక్టరీలో ఉంచుట మేలు. తెల్లవారునప్పటికి ఏయే సర్వర్లకు చికిత్స కావలెనో పట్టిక సిద్ధముగా నుండును.