వానలో పడమటి కనుమలు దాటాలంటే

మా నాన్నగారు పోయిన తిథి దశమి. మహాలయ పక్షంలో వచ్చే దశమినాడు గోకర్ణంలో ఆయన పేర తర్పణం వదలాలని మా అమ్మ కోరిక. నాన్నగారు బ్రతికి ఉన్న రోజుల్లో ఆ క్షేత్రాన్ని చూడాలని ఏటా అనుకునేవారు. ఏటా ఏదో ఒక అవాంతరం వచ్చి పడేది. చివరకు మొన్నటి భాద్రపదంలో ఆ కోరిక తీర్చే భారం నా మీద పడింది. హైదరాబాదు నుంచి సొంత కారులో నలుగురం బయలుదేరడానికి నిశ్చయించుకున్నాం: అమ్మ, నేను, నా భార్య, పదకొండేళ్ళ మా అమ్మాయి.

నా వృత్తి అనువాదం. చిత్తుప్రతి లేకుండా ఏ పనీ మొదలుపెట్టలేని అలవాటు దానివల్ల అబ్బింది. కనుక నెల రోజుల ముందే ఒక నోటుపుస్తకం తీసి, ఏ రోజు ఏ ఊరు, ఎన్ని గంటలకు బయలుదేరాలి, ఎక్కడ భోజనం, ఎక్కడ నిద్ర అన్నీ పేజీకొకటిగా రాసుకున్నాను. అష్టమి తెల్లవారుజామున బయలుదేరి రాయచూరు మీదుగా హోసపేట చేరడం, నవమినాడు హుబ్బళ్ళి, ఎల్లాపుర, అంకోలాల మీదుగా సాయంకాలానికి గోకర్ణం, దశమి ఉదయం తర్పణం. ఆ తరువాత ఉడుపి మీదుగా ఆగుంబె చేరి, శృంగేరి చూసుకొని తిరుగు ప్రయాణం. ఆగుంబె పేజీ మాత్రం నా సొంతం. ఆర్.కె. నారాయణ్ కథలు చదివి ఇంగ్లీషు సాహిత్యం మీద మోజు పెంచుకున్నవాణ్ణి నేను. ఆ కథలను 1980లలో శంకర్ నాగ్ దూరదర్శన్ కోసం చిత్రీకరించిన ఊరు ఆగుంబె. మాల్గుడి కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.

చూడడానికి చక్కగా ఉన్న ఆ పట్టికలో ఒక పెద్ద లోపం ఉంది. అందులో వానకు చోటు లేదు.

పడమటి కనుమలు అరేబియా సముద్రానికి సమాంతరంగా దాదాపు 1600 కిలోమీటర్లు సాగుతాయి. ఉత్తర కన్నడ జిల్లాలో అవి సముద్రానికి మరీ చేరువగా వస్తాయి. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి గాలులు సముద్రం మీది తేమనంతా మోసుకువచ్చి ఈ కొండగోడకు తగులుతాయి. గాలి పైకి ఎగబాకి చల్లబడుతుంది. తేమ వానగా కురుస్తుంది. హైదరాబాదులో ఏడాది పొడుగునా కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లైతే, ఆగుంబెలో 7000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. కొండ దాటి తూర్పుకు వచ్చేసరికి గాలిలో తేమ తరిగిపోతుంది. అందుకే రాయచూరు, బళ్ళారి ప్రాంతాలు వానకోసం ఆకాశం వంక చూస్తుంటాయి. మనవైపు నుంచి వెళ్ళే యాత్రికుణ్ణి మోసం చేసేది సరిగ్గా ఇదే. ఉదయం ఎండలో బయలుదేరిన మనిషి, మధ్యాహ్నానికి ఏ వానలో ప్రవేశించబోతున్నాడో ఊహించలేడు.

ఈ ప్రాంతపు రైళ్ళకు సైతం వానాకాలంలో వేరే వేళల పట్టిక ఉంటుందన్న సంగతి తెలుసుకుంటే, కారులో వెళ్ళేవారికి కొంత వినయం అలవడుతుంది. 1998 జనవరి 26న జాతికి అంకితమైన కొంకణ్ రైలుమార్గం పొడవు 741 కిలోమీటర్లు. అందులో 90కి పైగా సొరంగాలు, దాదాపు రెండు వేల వంతెనలు ఉన్నాయి. ఏటా జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ దారిన రైళ్ళు వేగం తగ్గించుకొని నడుస్తాయి. పట్టాల మీద పోయే బండే అంత జాగ్రత్త పడుతుంటే, తారు రోడ్డు మీద పోయే మనం కిలోమీటర్లు కూడుకొని లెక్క కట్టడం అవివేకం. ఘాట్ రోడ్లలో దూరాన్ని గంటల్లోనే కొలవాలి. వానలో గంటకు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే. ఘాట్ ఏదైనా మధ్యాహ్నం రెండు గంటల లోపు దిగిపోయేటట్టు చూసుకోవాలి. చీకటి, పొగమంచు, వాన మూడూ కలిస్తే ఎదుటి మలుపు కాదు, సొంత కారు ముక్కు కూడా కనపడదు.

ఈ సంగతులన్నీ నాకు బయలుదేరకముందే తెలుసు. నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. తెలిసి చేసిన తప్పు కనుకనే చెబుతున్నాను.

నవమి ఉదయం హోసపేటలో నిద్ర లేచేసరికి ఎండ కాస్తోంది. పక్కనే హంపీ. అమ్మాయి రాతిరథం చూస్తానన్నది. గంటలో వచ్చేద్దామని వెళ్ళి మూడు గంటలు తిరిగాం. హుబ్బళ్ళి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. అక్కడ భోజనాల దగ్గర నా భార్య ఫోనులో వాతావరణశాఖ ప్రకటన చూసింది. ఉత్తర కన్నడకు ఎరుపు హెచ్చరిక.

ఈ రంగుల అర్థం ప్రయాణికులందరూ తెలుసుకోవాలి. ఒక దినంలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం అని వాతావరణశాఖ పరిభాష. పసుపు రంగు కనిపెట్టి ఉండమనీ, నారింజ సిద్ధంగా ఉండమనీ, ఎరుపు వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకొమ్మనీ చెబుతాయి. హైదరాబాదులో ఏడాదికి పడే వానలో నాలుగోవంతు ఒకే రోజున కొండవాలు మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

“ఏమండీ, ఈ రాత్రికి ఇక్కడే ఉండిపోదాం,” అన్నది ఆమె.

“నూట యాభై కిలోమీటర్లు. ఏడింటికల్లా గోకర్ణంలో ఉంటాం. రేపు దశమి,” అన్నాను.

దశమి అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

ఎల్లాపుర చేరేసరికి అయిదు గంటలైంది. అప్పటికే అడవి మీద చీకటి కమ్మింది. వాన చినుకులుగా కాక తీగలుగా పడుతోంది. ఇక్కడినుంచి ముందుకు పోతే ఆరబైలు ఘాట్ వస్తుంది. అది దిగితే అంకోలా. టీ తాగుదామని రోడ్డు పక్క ఒక కొట్టు దగ్గర ఆపాను. చేతిలోని ఫోను పటంలో దారి పొడుగునా నీలిగీత నిరాటంకంగా కనిపిస్తోంది. కొట్టు యజమాని మా కారు వంక చూసి, “ఘట్టదల్లి గుడ్డ కుసిదిదె,” అన్నాడు.

కన్నడం మనకు చుట్టపు భాష. అక్షరాలు పోలుతాయి, మాటలు సగం అర్థమవుతాయి. ఆ సగమే ప్రమాదం. ఏ లారీ మీద కప్పిన గుడ్డో జారి రోడ్డు మీద పడిందనుకున్నాను. అరగంటలో తీసేస్తారులెమ్మని తాళంచెవి తిప్పబోయాను. పాతికేళ్ళుగా మాటలు తూచి బ్రతుకుతున్న మనిషిని!

అమ్మ పుట్టింది రాయదుర్గంలో. బళ్ళారి సరిహద్దు. చిన్నప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఆమె తలుపు తీసుకొని వానలోకి దిగింది. కొట్టులోకి వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

“గుడ్డ అంటే కొండరా. కొండ కూలిందంటున్నాడు,” అన్నది.

నేను ఇంకా వాదించాను. ఎంత కూలిందో, ఒక పక్క దారి ఉందేమో కనుక్కుందామన్నాను. నాన్నగారి తిథి తప్పిపోతుందన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత నా భుజం మీదుగా కారులో కూర్చున్న పిల్ల వంక చూస్తూ, “దశమి పోతే అమావాస్య ఉంది. నీకు పిల్ల ఒక్కతే ఉంది,” అన్నది.

ఆ రాత్రి ఎల్లాపురలో ఒక చిన్న లాడ్జిలో రెండు గదులు దొరికాయి. ఘాట్‌లో రెండుచోట్ల మట్టి జారి, మధ్యన చిక్కుకున్న వాహనాలు తెల్లవార్లూ అక్కడే నిలిచిపోయాయని మరునాడు తెలిసింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు.

కొండ ఎందుకు కూలుతుందో రెండు మాటల్లో చెప్పాలి. రోజుల తరబడి వాన కురిస్తే నేల పొరల్లో నీరు నిండి మట్టి బరువెక్కుతుంది. రేణువుల మధ్య పట్టు సడలుతుంది. దానికి తోడు రోడ్డు వెడల్పుకోసం కొండ పాదాన్ని నిలువుగా కోస్తే, పైనున్న బరువుకు ఆనిక పోతుంది. వాన తగ్గిన తరువాత కూడా జారవచ్చు. రోడ్డు మీద చిన్న రాళ్ళు దొర్లుతున్నా, వాగు నీళ్ళు హఠాత్తుగా ఎర్రబారినా, చెట్లు ఒరిగి కనిపిస్తున్నా అక్కడ ఆగరాదు. కొండను ఆనుకొని కారు నిలిపి టీ తాగడం, ఫోటోలు తీసుకోవడం అసలే కూడదు.

దశమి రోజంతా వాన కురుస్తూనే ఉంది. అమ్మ స్నానం చేసి, లాడ్జి వంటవాణ్ణి అడిగి గుప్పెడు అన్నం తెప్పించుకొని పిట్టగోడ మీద ముద్ద పెట్టింది. ఆ వానలో కాకి రాలేదు. మా పురోహితుడుగారికి ఫోను చేస్తే, పక్షంలో తిథి తప్పినవారికి అమావాస్య ఉండనే ఉందన్నారు. పెద్దలు ఏర్పరచిన పట్టికలో ఆటంకానికి చోటు ఉంది. నేను రాసుకున్న దానిలోనే లేదు. ఆ మధ్యాహ్నం నోటుపుస్తకం తెరిచి మళ్ళీ మొదటినుంచి రాశాను. ఈసారి ప్రతి మూడు రోజులకూ ఒక ఖాళీ రోజు వదిలాను. ఏది తప్పకుండా చెయ్యాలి, ఏది మానుకోవచ్చు అని విడదీశాను. అమావాస్య దాకా ఈ తీరంలోనే ఉండాలంటే ఆగుంబెకు రోజులు చాలవు. ఆ పేజీ కొట్టివేయడానికి కొంచెంసేపు పట్టింది.

ఏకాదశి ఉదయం దారి తెరిచారు. పగటి వెలుగులో ఆరబైలు దిగాం. రెండో గేరులో, హెడ్‌లైట్లు కిందికి దించి, బ్రేకు మీద కాక ఇంజను మీద భారం వేసి దిగాలి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది కొండదారుల నియమం. వర్షాకాలానికి ముందు టైర్లు, వైపరు రబ్బర్లు కొత్తవి వేయించుకోవడం దండుగ ఖర్చు కాదు. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉంటే చాలంటుంది. ఘాట్‌కు అది చాలదని నా అభిప్రాయం. రోడ్డు మీదుగా అడుగెత్తు నీరు పరుగులు తీస్తుంటే చిన్న కారు తేలిపోతుంది. లోతు తెలియని నీటిలోకి దిగరాదు. పటం ముందే ఫోనులోకి దించుకోండి, అడవిలో సంకేతాలు అందవు. మలుపులకు కడుపులో తిప్పే పిల్లలను ముందుసీటులో కూర్చోబెట్టి నిమ్మకాయ చేతికివ్వడం మా అమ్మ వైద్యం, పనిచేసింది. బట్టలు ఆరవు, కనుక రెండింతలు తీసుకువెళ్ళాలి.

అంకోలా దాటిన కొద్దిసేపటికి శిరూరు వస్తుంది. ఒక పక్క కొండ, ఇంకొక పక్క గంగావళి నది, నడుమ జాతీయ రహదారి. 2024 జూలై 16 ఉదయం ఇక్కడ కొండ విరిగి రోడ్డు మీదా నదిలోనూ పడింది. రోడ్డు పక్క టీ కొట్టు, అందులోని కుటుంబం, అక్కడ ఆగిన వాహనాల మనుషులు ఆ మట్టి కింద పోయారు. నదిలో కొట్టుకుపోయిన ఒక కేరళ లారీ, అందులో డ్రైవరు మృతదేహం రెండు నెలలు దాటిన తరువాత గానీ దొరకలేదు. రహదారికోసం కొండను కోయడం ఒక కారణమని నిపుణులు చెప్పారు. కొండ మీద ఎర్రని గాయం ఇంకా పచ్చబడలేదు. కారు ఆపకుండానే పోనిచ్చాను. అమ్మ వెనకసీటులో చేతులు జోడించింది. అమ్మాయి అక్కడి కన్నడం బోర్డు కూడబలుక్కొని చదివి, “నాయనమ్మా, ఇక్కడా గుడ్డే!” అన్నది. ఎవరూ నవ్వలేదు.

మాదనగేరి దగ్గర కుడివైపు తిరిగి మధ్యాహ్నానికి గోకర్ణం చేరాం. మిగిలిన రోజుల్లో మురుడేశ్వరం చూశాం. ఒకరోజు హొన్నావర నుంచి శరావతి వెంబడి గేరుసొప్ప ఘాట్ ఎక్కి జోగ్ జలపాతానికి వెళ్ళాం. నది 253 మీటర్ల లోతుకు నాలుగు పాయలుగా దూకే చోటు అది. 1964లో పూర్తయిన లింగనమక్కి ఆనకట్ట పైన ఉన్నందున ఎండాకాలంలో బండ మాత్రమే కనిపిస్తుంది. వానల్లో వెళితేనే జలపాతం. మేము వెళ్ళిన వేళ అదీ కనిపించలేదు. తెల్లని మంచు, దాని వెనక హోరు. వెళ్ళిపోదామంటే అమ్మాయి కదలలేదు. నలభై నిమిషాల తరువాత మంచు ఒక్కసారి పక్కకు తొలగింది. అయిదు నిమిషాలు చూశాం. మళ్ళీ తెర పడింది.

సముద్రస్నానం గురించి ఒక మాట. ఈ నెలల్లో కెరటం పైకి మెత్తగా కనిపించి కింద కాళ్ళు లాగుతుంది. ఎర్రజెండా ఉన్నచోట పాదాలు తడుపుకోవడం కూడా వద్దు.

అమావాస్య ఉదయం కోటితీర్థం దగ్గర వాన లేదు, ఎండా లేదు. మెట్లన్నీ మనుషులే. పురోహితుడు గోత్రం అడిగితే చెప్పాను. నాన్నగారి పేరు, తాతగారి పేరు, ఆయన తండ్రి పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలాను. పై మెట్టు మీద అమ్మాయి గొడుగు మడిచి పట్టుకొని నాయనమ్మను ఆనుకొని నిలబడింది.

గదికి నడిచి వస్తుంటే అమ్మ, “ఆ ఊరేదో చూడాలన్నావు గదరా? వాన బాగా పడే ఊరు,” అన్నది.

“ఆగుంబె. రోజులు లేవమ్మా.”

“పుస్తకంలో కొట్టేశావుగా. పిల్ల చూపించింది,” అని నాలుగడుగులు వేసి ఆగింది. “వచ్చే ఏడు కాస్త వాన తగ్గాక వద్దాం. నాకు కన్నడం వచ్చు.”