అడుసు కయ్యలో ట్రాక్టరుకు ఇనుప చక్రాలు ఎందుకు? ఎలా బిగించాలి?

ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువులు నిండగానే శ్రీకాళహస్తి చుట్టుపక్కల కయ్యల్లో అడుసు దుక్కి మొదలవుతుంది. అప్పుడు ట్రాక్టర్ల వెనక టైర్ల పక్కన ఇనుప కేజ్ వీల్స్ కనిపిస్తాయి. అంతంత మిట్టలున్న టైరు ఉండగా మళ్లీ ఈ ఇనుము దేనికి?

టైరు బండిని ముందుకు నెట్టాలంటే దాని కింది మన్ను కదలకుండా నిలవాలి. పొడి దుక్కిలో మిట్టలు నేలను కరిచి పట్టుకుంటాయి. అడుసులో వాటి సందుల్లో బంకమన్ను కూరుకుపోయి, టైరు నున్నటి డ్రమ్ములా ఉన్నచోటే తిరుగుతుంది. ఎంత రేజ్ చేస్తే అంత గుంట పడుతుంది. కేజ్ వీల్ అంచున అడ్డంగా యాంగిల్ పట్టీలు, వాటి నడుమ ఖాళీ ఉంటాయి. మన్ను ఆ ఖాళీలోంచి జారిపోతుంది, పట్టీలు లోతుకు దిగి పట్టు దొరికించుకుంటాయి. చక్రం వెడల్పవడం వల్ల బండి కూరుకుపోవడమూ తగ్గుతుంది. పైగా అడుసు మెత్తగా కలిసి నీరు త్వరగా ఇంకదు. వరికి కావలసింది అదే. మంచు కాలంలో మనాలీ, లడఖ్ దారుల్లో జీపుల టైర్లకు గొలుసులు చుట్టేదీ ఈ పట్టు కోసమే.

పూర్తి చక్రాలను టైరు తీసేసి ఆ స్థానంలో వేస్తారు. సగం చక్రాలను టైరు ఉండగానే పక్కన బిగిస్తారు. ఏదైనా సరే, బిగించే పని కయ్యలో కాదు, గట్టి చదును నేల మీద జరగాలి. ఇంజను ఆపి, తాళం తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి, ముందు చక్రాలకు అటూ ఇటూ మొద్దులు పెట్టండి. జాకీ ఎత్తితే ఇరుసు కింద కట్టె దిమ్మె తప్పనిసరి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి చేతులు పెట్టవద్దు. పట్టీల వాలు టైరు మిట్టల వాలు వైపే ఉండాలి. బోల్టులు ఎదురెదురుగా బిగించి, కాసేపు దున్నాక మళ్లీ బిగించండి.

అసలు ప్రమాదం బండి దిగబడినప్పుడు ఉంది. వెనక చక్రం తిరగలేకపోతే ఇంజను బలం ఊరికే పోదు, ఇరుసును ఆధారం చేసుకుని బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు, ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు దాని కింద పడతాడు. దిగబడిన చక్రానికి దుంగ కట్టి ముందుకు లాగించడం ఇంకా ఘోరం. దుంగ నేలలో తన్నుకుని చక్రాన్ని పూర్తిగా ఆపేస్తుంది. ఈ పని ఎవరు చెప్పినా చేయకండి. బండి దిగబడుతోందనగానే, ముందు భాగం లేవకముందే, క్లచ్ తొక్కి ఆగండి. చక్రం వెనక అడుసు తవ్వి, మెల్లగా రివర్సులో రండి. రాకపోతే ఇంకో ట్రాక్టరును పిలిచి, మీ బండి ముందు హుక్కుకు గొలుసు కట్టి లాగించండి. గొలుసు దగ్గర మనుషులు నిలబడకూడదు.

పని ముగిశాక ఆ చక్రాలతోనే తారు రోడ్డెక్కడం మాత్రం క్షమించరానిది. పట్టీలు తారును చీలుస్తాయి, గట్టి రోడ్డు మీద ఇనుముకు పట్టు లేక బ్రేకు వేస్తే బండి జారుతుంది. సగం చక్రాలైతే పక్కకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఏర్పేడు మీదుగా తిరుపతి వెళ్లే దారిలో చీకట్లో మోటారుసైకిలు మీద వచ్చేవాడికి అవి కనబడవు. గెనిమ దాటగానే చక్రాలు విప్పి, ట్రాలీలో వేసుకుని ఇంటికి రండి.