మోసగాళ్ళకు మోసగాడు: గుణదోష విచారము

పశువుల కాపరి యనగానే మన మనస్సునకు కఱ్ఱ, గొంగడి, పిల్లనగ్రోవి తోచును. అమెరికా దేశమున నట్లు గాదు. అచ్చటి కాపరికి గుఱ్ఱము, వెడల్పు అంచుల టోపి, నడుమున తుపాకి చిహ్నములు. 1865లో ఆ దేశమున అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట, టెక్సాసు బయళ్ళనుండి వేలకొలది పశువులను ఉత్తరమున నున్న రైలు స్టేషన్లకు తోలుకొనిపోయిన కూలివాండ్రే వీరు. వీరిని కౌబాయిలందురు. 1874లో ముళ్ళతీగకు పేటెంటు పుట్టినది. బయళ్ళకు కంచెలు పడినవి. ఇరువది సంవత్సరములు గడువకమునుపే ఆ బ్రతుకు చాలవరకు అంతరించినది. బ్రతుకు పోయినను కథ మిగిలెను. సినిమావారు దానిని పట్టుకొని ఎడారి, నిధి, దొంగ, వానిని వెంటాడు వీరుడు, వీనితో నొక జాతి చిత్రములనే కల్పించిరి.

1971 ఆగస్టు 27వ తేదీన విడుదలయైన "మోసగాళ్ళకు మోసగాడు" తెలుగులో అట్టి చిత్రములలో మొదటిది. నాయకుడు కృష్ణ, దర్శకుడు కె. యస్. ఆర్. దాస్, కథయు మాటలును ఆరుద్రవి. మా గడ్డిఅన్నారమున సాయంకాలము గుడి అరుగుమీద కూర్చుండు వృద్ధులలో దీనిగూర్చి రెండు పక్షములు కలవు. ఎంగిలి కథ యని కొందఱందురు. అంతటి చిత్రము మరల రాలేదని కొందఱందురు. పూర్వము మా పండ్లసంతలో మామిడిపెట్టె పైవరుసను మాత్రము చూచి బేరమాడినవారి వంటివారే ఈ యుభయులును. అడుగువరకు చేయి పెట్టి చూడవలెను.

మొదట ఎంగిలి మాట. ఇటలీ దేశపు దర్శకుడు సెర్జియో లియోనె 1964లో సుమారు రెండు లక్షల డాలర్లతో, ఆ పరిశ్రమలో అది స్వల్పధనము, "ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్" అను చిత్రమును తీసెను. స్పెయిన్ దేశపు ఎండుకొండలనే అమెరికా యనిపించెను. ఆ కథ జపాను దర్శకుడు కురొసావా 1961లో తీసిన "యోజింబో"నుండి అడుగకయే ఎత్తినది. జపానువారు వివాదమునకు దిగి ఆదాయములో పాలు పుచ్చుకొనిరి. ఆ కురొసావాయో, అమెరికా దర్శకుడగు జాన్ ఫోర్డును మిక్కిలి అభిమానించినవాడు. లియోనె 1966లో తీసిన "ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ" నుండియు, 1969లో వచ్చిన "మెకన్నాస్ గోల్డ్" నుండియు మనవారు తీసికొనిరి. ఇన్ని చేతులు మాఱిన సొమ్మునకు అసలు యజమానిని వెదకుట వృథా. నన్నయభట్టారకుడు వ్యాసభారతమును తెనిగించినపుడు విడువవలసినది విడిచి, పెంచవలసినది పెంచెను గాని మాటకు మాట పెట్టలేదు. తెచ్చినదానిని మనమేమి చేసితిమన్నదే విచారింపవలసిన విషయము.

ఈ విషయమున ఆరుద్రను మెచ్చుకొనవలెను. సంపుటములకొలదిగా "సమగ్ర ఆంధ్ర సాహిత్యము" వ్రాసిన చేయియే ఇదియు వ్రాసినది. తెలుగువానికి ఈ గుఱ్ఱము, ఈ తుపాకి ఎక్కడివని ప్రేక్షకుడు ప్రశ్నించునని ఎఱిగి, కథను ఆంగ్లేయుల దినములకు జరిపి, ఒక సంస్థానపు నిధిచుట్టు త్రిప్పెను. సంస్థానములు, దాచిన ధనము, దొరల దండు, ఇవి మన తాతలు చెప్పిన ముచ్చటలే గదా! అంటు కట్టువాడు మన నేలలో వేళ్ళు దిగిన చెట్టునే ఎన్నుకొనెను. నక్కజిత్తుల నాగన్న పాత్రయు అట్టిదే. "రక్తకన్నీరు" నాటకముతో ఊరూర పేరుగన్న నాగభూషణము దానిని ధరించెను. ఆ గొంతు, ఆ వంకరమాట విన్నచో, మన ఊరి కరణము చావడిలో నెక్కడనో ఇతనిని చూచితిమే యనిపించును. చిత్రమునకు ప్రాణము నాయకుడు గాడు, ఇతడే యని నా తలంపు.

పెట్టుబడి ఏడు లక్షల రూపాయలని చెప్పుదురు. కృష్ణగారి స్వంత సంస్థయగు పద్మాలయకు మొదటి చిత్రము "అగ్నిపరీక్ష" లాభము నీయలేదు. చేతిలో ధనము లేనప్పుడు సాధారణముగా స్టూడియోలో అట్టకోటలు కట్టుదురు. వీరు రాజస్థానపు ఎడారికి పోయిరి. ఇసుకకు కూలి లేదు, సూర్యునకు అద్దె లేదు. ఛాయాగ్రాహకుడు వి. యస్. ఆర్. స్వామి ఆ రెండింటితోడనే పని గడపెను. 2023 మే 31న, కృష్ణగారు గతించిన పిమ్మట వచ్చిన మొదటి జన్మదినమున, దీనిని శుభ్రపఱచి మరల విడుదల చేసిరి. అప్పుడు చూచితిని. యువకులు కాగితపు ముక్కలు ఎగురవేసి కేకలిడుచుండ మాటలు నాకు సగము వినబడలేదు గాని, ఆ బయలు మాత్రము నేటికిని పాతబడలేదు.

ఇక దోషములు. కథకు కట్టిన అంటు వేషమునకు కుదురలేదు. సంస్థానపు మనుష్యులు టెక్సాసు టోపీలతో తిరుగుట, పెండ్లిపీటలమీదికి బూట్లతో వచ్చినట్లున్నది. దీనినే మన ఆలంకారికులు అనౌచిత్యమందురు. రెండవది, మౌనము లేకపోవుట. లియోనె చిత్రములలో ఇరువురు ఎదురెదురుగ నిలిచి చాలసేపు పలుకరు. గాలి మాత్రము వినబడును. ఆ నిరీక్షణమే భయము పుట్టించును. దానికి ఖర్చు లేదు, ఓర్పు వలయును. మనవారికి అన్నిటికంటె చవుకయైన ఆ వస్తువే కఱవైనది. "సువర్ణసుందరి"కి సంగీతము కూర్చిన ఆదినారాయణరావుగారి పాటలు వినుటకు ఇంపుగానున్నను, పరుగిడు కథను నడిత్రోవ నిలువబెట్టును. మూడవది నన్ను ఎక్కువ బాధించినది. తుపాకి మ్రోగిన ప్రతిసారి ఒకడు పడును. వాడెవడో, వానికి ఇల్లున్నదో లేదో మనకు తెలియదు. కరుణమునకు చోటు లేనిచోట వీరము వట్టి చప్పుడగును. పిల్లలను ఇట్టి చిత్రములకు పంపవచ్చునా యని నన్నడిగిన పెద్దలకు, పంపుడు, వచ్చిన పిమ్మట ఆ పడినవారినిగూర్చి అడుగుడని చెప్పుచుందును.

ఈ చిత్రము తరువాత "ట్రెజర్ హంట్" అను పేర ఆంగ్లములోనికిని పోయెను. దానికంటె ముఖ్యమైనది మఱియొకటి. 1974లో పద్మాలయవారే "అల్లూరి సీతారామరాజు"ను తీసిరి. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రమది. కృష్ణయే నాయకుడు, స్వామియే ఛాయాగ్రాహకుడు. దర్శకుడు వి. రామచంద్రరావు నడుమ కాలధర్మము నొందగా, పోరాట ఘట్టములను దాస్ చిత్రించెను. అదే గుఱ్ఱము, అదే తుపాకి, అదే బయలు. కాని ఆ తుపాకి ఎవనిపై గురిపెట్టబడినదో, ఏల పెట్టబడినదో అందఱకును తెలియును. టోపి మాత్రము లేదు.