పాటలో మన ఊరి పేరు పెట్టండప్పా!

కుప్పం స్టేషన్లో తెల్లారుజామున బెంగళూరు రైలు కోసం నిలబడేటోళ్లని చూడండి. చేతిలో టిఫిన్ క్యారియరు, చెవిలో ఇయర్‌ఫోన్లు. ఊర్లో సేద్యం గిట్టుబాటు గాక పట్నం పనికి పొయ్యేటోళ్లు ఆ గుంపులో ఎంతో మంది. వంద ఏండ్లకి ముందే అమెరికాలో ఇట్లాంటోళ్ల బతుకుల్లో నుంచే ఒక రకం పాట పుట్టింది. దాని పేరు బ్లూస్.

మిసిసిపీ చుట్టుపక్కల పత్తిచేన్లలో కూలికీ కోరుకీ చేసిన నల్లజాతి జనం పాట అది. చట్టప్రకారం 1865లో బానిసత్వం పోయింది గానీ అప్పు పోలేదు, అవమానం పోలేదు. బతకలేక రైలెక్కి చికాగో మాదిరి పట్నాలకి పోయినారు. పోతా పోతా పాటని కూడా ఎత్తుకోని పోయినారు. ఇప్పుడు మనం వినే రాక్ సంగీతానికి వేరు ఆడనే ఉండాది.

ఈ బ్లూస్‌లో ఒక పద్ధతి మన పిల్లోళ్లకి బాగా పనికొస్తుంది. ఇద్దరే మనుషులు. ఒకరి చేతిలో గిటారు, ఇంకొకరి నోట్లో మౌత్ ఆర్గాన్. కరెంటు గిటారు అక్కర్లేదు, డ్రమ్స్ అక్కర్లేదు, డీజే బాక్సులు అసలే అక్కర్లేదు. చెక్కపెట్టెలో నుంచి వచ్చే శబ్దమే శబ్దం. దీన్నే అకౌస్టిక్ అంటారు.

ఇట్లాంటి జంటల్లో పేరుమోసినోళ్లు సన్నీ టెర్రీ, బ్రౌనీ మెగీ. సన్నీకి చిన్నవయసులోనే చూపు పోయింది. బ్రౌనీకి పోలియో వచ్చి కాలు దెబ్బతినింది. ఒకరు మౌత్ ఆర్గాన్, ఒకరు గిటారు. 1940ల నుంచి 1970ల దాకా ఇద్దరూ కలిసి దేశాలన్నీ తిరిగినారు. చివర్లో ఒకరంటే ఒకరికి పడకపోయినా స్టేజీ మీద పాట మాత్రం నిలబడింది. 1982లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకి జాతీయ గౌరవం మొదలుపెడితే, ఆ మొదటి వరసలోనే ఇద్దరి పేర్లూ ఉండాయి.

మరి ఇద్దరితోనే అంత నిండుగా ఎట్ల వినిపిస్తుంది? పని పంచుకోవడంలో ఉండాది కిటుకు. గిటారు వాయించేటోడి బొటనవేలు లావు తీగల మీద తాళం వేస్తుంది, మిగతా వేళ్లు బాణీ పలికిస్తాయి. పాడేటోడు ఊపిరి తీసుకునే సందులో మౌత్ ఆర్గాన్ బదులిస్తుంది. మన భజనలో ఒకరు ఎత్తుకుంటే మిగిలినోళ్లు అందుకుంటారే, అట్లే.

పాట కట్టే తీరు కూడా తేలికే. మొదటి మాట చెప్తారు. అదే మాట మళ్లీ చెప్తారు. మూడోసారి దానికి జవాబు చెప్తారు. మూడు వరసలు, వరసకి నాలుగు తాళాల లెక్కన మొత్తం 12. అందుకే దీన్ని పన్నెండు బార్ల బ్లూస్ అంటారు. రెండోసారి అదే మాట ఎందుకంటే, ఆ లోపల మూడో మాట ఆలోచించుకోవచ్చు. చదువు రానోళ్లు కూడా అప్పటికప్పుడు పాట కట్టింది ఇట్లనే. మనకి అర్థమయ్యేటట్టు ఒకటి నేనే కట్టి చూపిస్తా:

తెల్లారకముందే పెట్టెలెత్తి మదనపల్లికి పోతినన్నా,
తెల్లారకముందే పెట్టెలెత్తి మదనపల్లికి పోతినన్నా,
బండి బాడిగ లెక్కేసి చూస్తే జోబీలో చిల్లర లేదన్నా.

అంతే. టమోటా రైతు బాధ మూడు వరసల్లో వచ్చేసింది. గొప్ప కవిత్వం కాదిది, నిజం మాట. బ్లూస్‌కి కావాల్సింది అదే.

ఈ జంటలు రెండు రకాల పాటలు పాడతారు. ఒకటి, ఎవరు కట్టినారో తెలీని పాతపాటలు. రెండు, సొంతంగా కట్టుకున్నవి. పాతవి పాడితే బాణీ, తాళం చేతికొస్తాయి. సొంతవి పాడితే మన కాలం మాట చేరుతుంది. పాతదొక్కటే పాడితే పాట ఆగిపోతుంది, కొత్తదొక్కటే పాడితే వేరు తెగిపోతుంది.

వేరు తెగిపోతే ఏమైతుందో మనకి తెలీంది కాదు. పుంగనూరు ఆవుని పొట్టిది గదా అని చులకన చేస్తిమి. దాదాపు తెగిపొయ్యే దాకా వచ్చినాక దాని విలువ తెలిసింది. నాట్లపాట, దంపుళ్లపాట, చెక్కభజన పాట కూడా అదే దోవలో ఉండాయి. ఆవుని మళ్లీ పెంచుకోవచ్చు. పాట తెలిసిన అవ్వ పోతే మాత్రం పాట ఆమెతోనే పోతుంది.

పాటని దాచేటప్పుడు మాట ఒక్కటే దాస్తే చాలదు, బాణీని కూడా దాచాల. అన్నమయ్య సంగతే చూడండి. ఆయన పాటలు 12 వేలకి పైగా రాగిరేకుల మీద దొరికినాయి. మాట ఉండాది, రాగం పేరు ఉండాది, ఆయన ఎట్ల పాడినాడో ఆ బాణీ మాత్రం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మాదిరోళ్లు కొత్తగా స్వరం కట్టాల్సొచ్చింది.

దానికి ఎదురు ఉదాహరణ మదనపల్లిలోనే ఉండాది. 1919 ఫిబ్రవరిలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి టాగూర్ వచ్చి జనగణమన పాడినాడు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం తెలిసిన ఐర్లండు మనిషి. ఆ బాణీకి ఆమె ఈడనే స్వరలిపి రాసిపెట్టింది. ఆ పని ఈ కాలంలో చెయ్యాలంటే సంగీతం చదవాల్సిన పని కూడా లేదు. మీ జోబీలో ఫోను ఉండాది గదా.

ఇంక అసలు సంగతికి వస్తా. పాట ఒక్కటే మిగిలితే చాలదు, పాడిన మనిషి పేరూ మిగలాల. లెడ్‌బెల్లీ అనే గాయకుణ్ణి 1933లో లూసియానాలోని అంగోలా జైల్లో పాటలు పోగు చేసే లోమాక్స్‌లు రికార్డు చేసినారు. ఆయన 1949 డిసెంబరులో చచ్చిపోయినాడు. ఆయన పాడుతూ వచ్చిన 'గుడ్‌నైట్ ఐరీన్' మరుసటి ఏడే వేరే బృందం పాడితే దేశంలో మొదటి స్థానానికి పోయింది. ఆ వెలుగు చూడ్డానికి ఆయన లేడు.

మిసిసిపీ జాన్ హర్ట్ కథ ఇంకో రకం. 1928లో రికార్డులు ఇచ్చినాడు, అమ్ముడుపోలేదు, మళ్లీ చేని పనికే పోయినాడు. 35 ఏండ్ల తర్వాత 1963లో ఒక పాటల అభిమాని ఆయన్ని వెతుక్కుంటా పోయినాడు. ఎట్ల దొరికినాడంటే, పాటలో ఊరి పేరు చెప్పినాడు: అవలాన్. ఆ పేరు పట్టుకోని పోతే మనిషి ఆ ఊర్లోనే ఉండాడు. ముసలితనంలో పెద్ద పెద్ద వేదికలెక్కినాడు. ఒక్క ఊరి పేరు మనిషిని మళ్లీ లోకానికి చూపించింది.

మన దగ్గరేం జరుగుతా ఉండాది? అవ్వ పాడిన పాట వీడియో అయితాది, లక్షల మంది చూస్తారు, కింద "ఫోక్ సాంగ్" అని ఉంటాది. అవ్వ పేరుండదు, ఊరి పేరుండదు. వందల ఏండ్ల పాత పాట ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ పాడిన గొంతుకి హక్కు ఉండాది. మన కాపీరైట్ చట్టం ప్రకారం పాడినోళ్లకి తమ పాడకం మీద 50 ఏండ్ల హక్కు. మీరే కట్టిన మాటకీ బాణీకీ అయితే మీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏండ్లు. రిజిస్టరు చేయించకపోయినా ఈ హక్కు ఉంటాది.

కాబట్టి మదనపల్లి, పుంగనూరు, కుప్పం పక్క పిల్లోళ్లకి నేను చెప్పేది ఇంతే. స్నేహితుడో చెల్లెలో, ఇద్దరు కలవండి. గిటారు లేకపోతే కంజిర ఉండాది, చెక్కలు ఉండాయి. ఇంట్లో అవ్వ దగ్గర ఒక పాట నేర్చుకోండి. ఆమెని అడిగి, సరే అంటే ఆమె గొంతుతోనే రికార్డు చెయ్యండి. పేరు, ఊరు, తారీఖు రాసిపెట్టండి. మీరు పాడేటప్పుడు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ముందే చెప్పండి. వీడియోకి డబ్బులొస్తే ఆమెకీ భాగం ఇయ్యండి. ఆ తర్వాత మీ బతుకు మీద మూడు వరసలు కట్టండి. బోరు ఎండిందా, రైలు తప్పిందా, ధర పడిందా, ఏదైనా సరే.

ఆ మూడు వరసల్లో ఏదో ఒక దాంట్లో మాత్రం మన ఊరి పేరు పెట్టండి. రేపు ఎవరన్నా మిమ్మల్ని వెతుక్కుంటా వస్తే దోవ తెలియాల గదా!