గని శిక్షణ నమూనాలో డిజిటల్ సుగమ్యత: బొగ్గుగనుల ప్రాంత కార్యాలయ ఉద్యోగులకు శిక్షణ రూపకల్పన

వ్యాససంగ్రహం

డిజిటల్ సమాచారం వికలాంగులకు అందేలా చూడడం కంప్యూటర్ విభాగం బాధ్యత అని కార్యాలయాల్లో సాధారణంగా భావిస్తారు. నిజానికి ఆ సమాచారం అందడమా, అందకపోవడమా అన్నది సర్క్యులర్‌ను టైపు చేసే ఉద్యోగి చేతిలో, నోటీసును ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టే ఉద్యోగి చేతిలో తేలిపోతుంది. రామకృష్ణాపూర్ వంటి బొగ్గుగనుల పట్టణాన్ని సందర్భంగా తీసుకుని, ఇటువంటి ఉద్యోగులకు ఇవ్వవలసిన శిక్షణ ఎలా ఉండాలో ఈ వ్యాసం చర్చిస్తుంది. గనుల్లో దశాబ్దాలుగా ఉన్న వృత్తి శిక్షణ పద్ధతిని నమూనాగా ప్రతిపాదిస్తూ, ఆ నమూనా ఎక్కడ సరిపోదో కూడా పరిశీలిస్తుంది. తెలుగు లిపికి ప్రత్యేకమైన సమస్యలకు ఇందులో ప్రాధాన్యం ఇవ్వడమైనది.

కీలకపదాలు: సుగమ్యత, స్క్రీన్ రీడర్, యూనికోడ్, వికలాంగుల హక్కులు, వృత్తి శిక్షణ, సింగరేణి.

1. ఉపోద్ఘాతం

మంచిర్యాల జిల్లా మందమర్రి మండలంలోని రామకృష్ణాపూర్ సింగరేణి గనుల చుట్టూ పెరిగిన పట్టణం. ఇక్కడి కుటుంబాల జీవనం చాలావరకు కంపెనీ కాగితాలతో ముడిపడి ఉంటుంది. షిఫ్టుల పట్టిక, జీతం చీటీ, క్వార్టర్ కేటాయింపు, ఏరియా ఆసుపత్రి సూచనలు, మెడికల్ బోర్డు పిలుపు, ఉద్యోగ ప్రకటన, పదవీ విరమణ తర్వాత పింఛను పత్రాలు ఇందులో కొన్ని. ఒకప్పుడు ఇవి గని కార్యాలయం ముందు నోటీసు బోర్డు మీద ఉండేవి. చదువు రానివారికి, చూపు లేనివారికి పక్కనున్నవారు చదివి వినిపించేవారు. ఇప్పుడు ఆ కాగితాల్లో చాలా భాగం ఫోన్‌లోకి వచ్చింది. స్క్రీన్ మీది అక్షరాలను గొంతుగా మార్చి చదివే స్క్రీన్ రీడర్ అదే ఫోన్‌లో ఉచితంగా ఉంటుంది. అంటే చూపు లేని మనిషి తన మెడికల్ బోర్డు పిలుపును పొరుగువారి సాయం లేకుండా తానే చదువుకునే అవకాశం ఉంది. ఆ పిలుపు ఫోటోగా వస్తే ఆ అవకాశం పోతుంది. తన రోగం, తన అప్పు, తన జీతం మళ్లీ ఇంకొకరి నోట వినవలసి వస్తుంది. డిజిటల్ సుగమ్యతను సౌకర్యంగా చూడడం కంటే ఆత్మగౌరవ విషయంగా చూడడం సమంజసం అనడానికి ఇదే కారణం.

గనుల ప్రాంతంలో ఈ చర్చకు మరొక కోణం కూడా ఉంది. ఇక్కడ వైకల్యం పుట్టుకతో వచ్చేది మాత్రమే కాదు, పనిలోనూ వస్తుంది. గనుల చట్టం (1952) కింద ప్రకటించిన వృత్తి వ్యాధుల జాబితాలో ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధులతోపాటు శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం కూడా చేరింది. ప్రమాదాల్లో చేయి, కాలు, చూపు కోల్పోయినవారు సరేసరి. కాబట్టి ఈ సమాచారాన్ని పంపే ఉద్యోగి, దాన్ని అందుకోలేని మనిషి నిన్నటిదాకా ఒకే మస్టర్‌లో ఉన్న సహోద్యోగులు కావచ్చు.

2. చట్టపరమైన పునాది

వికలాంగుల హక్కుల చట్టం, 2016 వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. ప్రభుత్వ యాజమాన్యంలోని కంపెనీలు కూడా ఈ చట్టం దృష్టిలో ప్రభుత్వ సంస్థలే. తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి కాలరీస్ సంస్థ సహజంగానే ఆ పరిధిలోకి వస్తుంది. అచ్చు, శ్రవణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని 42వ సెక్షన్ చెబుతుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 20వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. ఉద్యోగంలో కొనసాగించి, ఆ ఉద్యోగానికి అవసరమైన కాగితాన్ని చదవలేని రూపంలో ఇస్తే కొనసాగింపుకు అర్థం మిగలదు.

చట్టం కింద 2017లో వచ్చిన నియమాల్లో 15వ నియమం వెబ్‌సైట్లకూ పత్రాలకూ ప్రమాణాలను పేర్కొంది. అయితే 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, ఆ నియమంలోని మొదటి ఉపనియమం తప్పనిసరి ప్రమాణాలకు బదులు సలహాలను మాత్రమే ఇస్తోందనీ, అది చట్టానికి విరుద్ధమనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన అధ్యయనం హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం చేసినది కావడం మనం గమనించదగిన విషయం. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే న్యాయస్థానం డిజిటల్ సేవల అందుబాటును రాజ్యాంగంలోని 21వ అధికరణంతో ముడిపెట్టింది. కెమెరా ముందు కళ్లార్పి గుర్తింపు నిరూపించుకోవాలన్న షరతు యాసిడ్ దాడి బాధితులకూ చూపు లేనివారికీ ఎలా అడ్డుగోడ అవుతుందో ఆ కేసు చూపింది. ముఖం చూపి జీవన ప్రమాణ పత్రం సమర్పించవలసిన గని పింఛనుదారుకు ఇది దూరపు సంగతి కాదు.

3. వి.టి.సి. నమూనా

కార్యాలయాల్లో సుగమ్యత శిక్షణ అంటే సాధారణంగా డిసెంబరు 3న, అంటే అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాడు, ఒక ఉపన్యాసం, ఒక ప్రతిజ్ఞ, ఒక ఫోటో. దీనివల్ల పని మారదు. గనుల ప్రాంతం మాత్రం శిక్షణ అంటే ఏమిటో బాగా ఎరిగిన ప్రాంతం. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం కొత్తగా చేరినవారికి ప్రాథమిక శిక్షణ, పాతవారికి నిర్ణీత కాలంలో పునశ్చరణ శిక్షణ ఇవ్వాలి. జనం నోట 'వి.టి.సి.'గా స్థిరపడిన వృత్తి శిక్షణ కేంద్రాలు అందుకోసం ఏర్పడ్డాయి. ఆ పద్ధతిలో మూడు లక్షణాలు గమనించదగినవి. శిక్షణ పనికంటే ముందు వస్తుంది. చేసే పనిని బట్టి పాఠం మారుతుంది. హాలేజి నడిపేవాడికీ షాట్‌ఫైరర్‌కూ ఒకే పాఠం ఉండదు. ఒకసారి నేర్చుకుంటే చాలనే భావన అందులో లేదు.

కార్యాలయ శిక్షణలోనూ ఇదే విభజన అవసరం. సర్క్యులర్లు టైపు చేసే గుమాస్తాకు కావలసింది పత్రాన్ని రూపొందించే పద్ధతి. భద్రతా వీడియోలు తీసేవారికి కావలసింది ఉపశీర్షికలు, సంజ్ఞాభాష. వెబ్‌సైటు తయారీని టెండరులో పిలిచే అధికారికి కావలసింది షరతుల్లో ఏం రాయాలి, సరుకు అందినప్పుడు ఏం పరీక్షించాలి అన్న జ్ఞానం. ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఈ చివరి వర్గానికి తెలిసి ఉండాలి. గుమాస్తాకు దాని సంఖ్య కూడా అనవసరం.

కానీ పోలిక ఒకచోట తెగుతుంది. గనిలో రూఫ్ పరీక్ష నేర్చుకోనివాడి మీదే రూఫ్ పడవచ్చు. అందుకే అక్కడ శిక్షణకు భయం సగం గురువు. కార్యాలయంలో చెడ్డ పత్రం తయారుచేసినవాడికి ఏమీ కాదు; నష్టపోయేవాడు అతని కంటికి కనిపించడు, తరచుగా ఫిర్యాదు కూడా చేయడు. చట్టంలో జరిమానా ఉంది: మొదటిసారి 10 వేల రూపాయల వరకు, తర్వాత 50 వేల నుంచి 5 లక్షల వరకు. అది గుమాస్తా బల్లదాకా రాదు. కనుక ఆ కనిపించని పాఠకుడిని శిక్షణ గదిలోకి తీసుకురావడమే ఈ శిక్షణ రూపకర్త ముందున్న అసలు సమస్య.

4. పాఠ్యాంశం: తెలుగు పత్రం ఎక్కడ మూగబోతుంది?

అంతర్జాతీయ ప్రమాణాలను అనువదించి పాఠంగా ఇస్తే తెలుగు కార్యాలయానికి చాలదు. ఆ ప్రమాణాలు ఊహించని చిక్కులు మన లిపి వాడకంలో ఉన్నాయి.

వాటిలో మొదటిది ఫాంటు. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో తయారైన తెలుగు చూడడానికి తెలుగే. కంప్యూటర్ లోపల మాత్రం అవి రోమన్ అక్షరాల, గుర్తుల సంకేతాలు. స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు, సంకేతాన్ని చదువుతుంది. కాబట్టి అర్థంలేని ఆంగ్లాక్షరాలు వినిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు స్థానం 1991 నుంచి ఉంది. మూడు దశాబ్దాలు దాటినా ప్రెస్సులో ఇచ్చిన ప్రతి పని పాత ఫాంటులోనే తిరిగి రావడం అలవాటు బలానికి నిదర్శనం. శిక్షణలో ఈ ఒక్క విషయాన్ని చేతితో చేయించాలి. అదే వాక్యాన్ని రెండు పద్ధతుల్లో టైపు చేసి, రెండింటినీ స్క్రీన్ రీడర్‌తో వినాలి. ఆ అర నిమిషం తర్వాత ఉపన్యాసం అక్కరలేదు.

రెండోది మరింత సూక్ష్మం. యూనికోడ్‌లో టైపు చేసేవారిలోనూ కొందరు పూర్ణానుస్వారానికి (ం) బదులు తెలుగు అంకె సున్నాను (౦) వాడుతారు. 'గంట', 'గ౦ట' కంటికి ఒకటే. స్క్రీన్ రీడర్‌కు రెండోది మాటే కాదు, మధ్యలో అంకె ఉన్న రెండు ముక్కలు. 'దుఃఖం'లో విసర్గకు బదులు రెండు చుక్కల విరామచిహ్నం పెట్టడం కూడా ఇలాంటిదే. ఇవి చూపున్న పరిశోధకులకూ నష్టమే. అటువంటి పాఠంలో వెతికితే మాట దొరకదు. మన సిద్ధాంతవ్యాసాల్లో పదసూచికలు సరిగా తేలకపోవడానికి ఇదొక కారణం కావచ్చునని నా అనుమానం.

మూడోది సంతకం. నోటీసును ముద్రించి, సంతకం చేసి, ముద్ర వేసి, స్కాన్ చేసి పంపడం మన కార్యాలయ సంప్రదాయం. అది బొమ్మ తప్ప పాఠం కాదు. "సంతకం లేని కాగితానికి విలువేముంది?" అని ఉద్యోగులు అడిగే ప్రశ్న న్యాయమైనది, దాన్ని తేలికగా తీసేయకూడదు. అధికారం కోసం స్కాన్ ప్రతి, చదవడం కోసం అదే పాఠం యూనికోడ్‌లో, రెండూ కలిపి పంపడం ఆచరణసాధ్యమైన జవాబు. వాట్సాప్‌లో ఫోటో పెట్టినా, దాని కింద నాలుగు వాక్యాల్లో సారాంశం టైపు చేస్తే చాలు. ఆ నాలుగు వాక్యాలు రోమన్ లిపిలో రాసిన తెలుగు కాకూడదు. ఆంగ్ల గొంతు దాన్ని చదివే తీరు వింటే ఎందుకో అర్థమవుతుంది.

శీర్షికల సంగతి క్లుప్తంగా: అక్షరాలు లావుచేస్తే అది శీర్షిక కాదు, వర్డ్‌లోని శీర్షిక శైలిని వాడాలి. అప్పుడే వినేవారు ఒక విభాగం నుంచి మరో విభాగానికి దాటగలరు. పత్రం భాష తెలుగు అని కూడా గుర్తించి పెట్టాలి.

షిఫ్టుల పట్టికకు వస్తే, గళ్లను కలిపేసి, 'రాత్రి' అన్న మాటను నలుగురి పేర్ల పక్కన నిలువుగా పెట్టడం కంటికి ముచ్చటగా ఉంటుంది. గడి తర్వాత గడి వినేవారికి మొదటి పేరు దాటాక షిఫ్టు ఏదో తెలియకపోవచ్చు. ప్రతి వరుసలోనూ షిఫ్టు పేరు రాయడం మేలు. ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మాత్రమే తేడా చూపడం కూడదు. రంగులను వేరుచేయలేనివారు కార్మికుల్లోనూ ఉంటారు. మామూలు పరిమాణంలోని అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం.

చిత్రానికి రాసే వివరణలోనే శిక్షణార్థి ఆలోచన బయటపడుతుంది. ఉత్పత్తి పటానికి 'చిత్రం 3' అని రాస్తే ప్రయోజనం లేదు. నిలువు గీతలు, నీలిరంగు అంటూ కనిపించేదంతా ఏకరువు పెట్టినా లేదు. 'నాలుగు త్రైమాసికాల్లో రెండోది తక్కువ. ఓపెన్‌కాస్ట్‌లో వానాకాలపు తగ్గుదల' అంటే పటం ఎందుకు వేశారో అది చెప్పినట్టు. ఇది సాహిత్య విద్యార్థికి పరిచితమైన పనే: దృశ్యాన్ని మాటల్లోకి తేవడంలో ఏది వదలాలో తెలియడం.

భద్రతా వీడియోలకు తెలుగు ఉపశీర్షికలు ఉండాలి. యంత్రం తయారుచేసిన ఉపశీర్షికలను అలాగే వదలకూడదు. రూఫ్, టబ్బు, హాలేజి, ఓవర్‌మెన్ వంటి గని మాటలను యంత్రం ఎలా వింటుందో చెప్పలేం. వినికిడి తగ్గిన కార్మికుడికి ఆ మాటే ప్రాణాధారం.

5. శిక్షణ గదిలో ఎవరుండాలి?

కళ్లకు గంతలు కట్టి నడిపించే అభ్యాసాలు శిక్షణల్లో ప్రాచుర్యం పొందాయి. వాటిని నేను సమర్థించను. గంత కట్టిన పది నిమిషాల్లో అనుభవమయ్యేది చూపు కోల్పోయిన తొలి క్షణాల భయమే. ఏళ్ల తరబడి స్క్రీన్ రీడర్ వాడిన మనిషి నేర్పు కాదు. ఫలితంగా గదిలో జాలి మిగులుతుంది, నైపుణ్యం మిగలదు.

దానికి బదులు, స్క్రీన్ రీడర్‌ను రోజూ వాడే వ్యక్తిని శిక్షకుడిగా, తగిన పారితోషికంతో పిలవాలి. శిక్షణార్థులు గత నెలలో తాము పంపిన అసలు సర్క్యులర్‌నే తీసుకురావాలి. శిక్షకుడు దాన్ని అందరి ముందు తెరుస్తాడు. ఎక్కడ ఆగిపోయాడో, ఏ గడి దగ్గర దారి తప్పాడో గది మొత్తం వింటుంది. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్, ఫోన్లలోని టాక్‌బ్యాక్ ఇందుకు చాలు. బడ్జెట్ లేదన్న సాకుకు తావు లేదు. తర్వాత శిక్షణార్థి అదే పత్రాన్ని అక్కడే సరిదిద్దాలి, శిక్షకుడు మళ్లీ వినాలి. మౌస్ తీసేసి మీటలతోనే దరఖాస్తు పూరించడం రెండో అభ్యాసం. ప్రమాదంలో వేళ్లు కోల్పోయినవారికి, చేయి వణికేవారికి ఇంటర్నెట్ ఎలా ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది.

శిక్షకుడు సహోద్యోగే అయితే మరీ మంచిది. గనిలో గాయపడి సర్ఫేస్ పనికి మారిన కార్మికుడు చెప్పే మాటకు ఆ గదిలో ఉన్న బరువు బయటి నిపుణుడి మాటకు ఉండదు. అయితే దాన్ని అతనిమీద అదనపు సేవగా మోపకూడదు. పనిగంటల్లో భాగంగా లెక్కించాలి.

6. శిక్షణ తర్వాత

పరీక్ష కాగితం మీద వద్దు. శిక్షణ ముగిసిన నెల తర్వాత ఆ ఉద్యోగి పంపిన మూడు పత్రాలను తీసి, శిక్షకుడితో చదివించాలి. చదవగలిగితే ఉత్తీర్ణత, లేకపోతే పునశ్చరణ. పత్రం బయటికి వెళ్లేముందు ఎవరు విని చూశారో ఒక రిజిస్టరులో సంతకం ఉండాలి. ప్రతి షిఫ్టు చివర తనిఖీ నివేదిక రాసే అలవాటున్న సంస్థలో ఇది వింత అనిపించదు. ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలని చట్టంలోని 23వ సెక్షన్ చెబుతుంది. ఆ అధికారి పేరు, ఫోను నంబరు ప్రతి పత్రం చివర టైపు చేసిన అక్షరాల్లో ఉంటే, ఇంతకాలం ఫిర్యాదు చేయని పాఠకుడికి ఒక దారి దొరుకుతుంది.

విశ్వవిద్యాలయాలకు ఇందులో ప్రత్యక్ష పాత్ర ఉంది. పాఠశాల, కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకుల విద్యలో వైకల్యాన్ని ఒక భాగంగా చేర్చాలని 47వ సెక్షన్ కోరుతుంది. తెలుగు శాఖలకు సమర్పించే సిద్ధాంతవ్యాసాలు పాత ఫాంట్లలోనో, స్కాన్ ప్రతులుగానో ఉన్నంతకాలం చూపు లేని తెలుగు పరిశోధకుడు తన రంగంలోని పూర్వ పరిశోధనను ఇతరుల గొంతుతోనే చదువుకోవాలి. పాత గ్రంథాలను అందే రూపంలోకి మార్చడానికి హక్కుల చిక్కు ఉందని వెనకాడనక్కరలేదు. వికలాంగుల కోసం అలా మార్చుకునే వీలును కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ కల్పించింది. ఇకపై సమర్పించే వ్యాసాల విషయంలో పని ఇంకా తేలిక. యూనికోడ్ ప్రతి ఉంటేనే స్వీకరిస్తామని శాఖ ఒక్క తీర్మానం చేయాలి. పర్యవేక్షకుడు మొదటి అధ్యాయాన్ని అందుకున్న రోజున దాన్ని స్క్రీన్ రీడర్‌తో రెండు పేజీలు వినాలి.