కల్తీ సారా కళ్ళనే ఎందుకు తీస్తుంది?

కల్తీ సారా తాగి చూపు పోయిందన్న వార్తల్లో మిథనాల్ అనే పేరు మీరు వినే ఉంటారు. దీనికి రంగు లేదు. వాసన, రుచి మామూలు మద్యానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి తాగేవారు పసిగట్టలేరు.

పండ్లరసాల్లోనూ ఇది అతి కొద్దిగా ఉంటుంది. దానికి భయపడి బత్తాయి రసం మానేయనక్కరలేదు. ఫ్యాక్టరీల్లో మాత్రం ప్లైవుడ్ జిగురుకు కావలసిన ఫార్మాల్డిహైడ్ తయారీకి, రంగులు పలుచన చేయడానికి దీన్ని టన్నులకొద్దీ వాడతారు. అది దొంగచాటుగా సారాలోకి చేరితేనే ముప్పు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో ఇలాంటి సారాకు 60 మందికి పైగా చనిపోయారు.

మిథనాల్ తాగిన వెంటనే తన పని చూపదు. కాలేయం దాన్ని మొదట ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. కొన్ని జాతుల చీమల్లో ఉండే ఆమ్లమే ఇది. కంటి నరాన్ని దెబ్బతీసేది ఇదే. లక్షణాలు కనబడడానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. "రాత్రి తాగాడు, పొద్దున బాగానే లేచాడు" అని ఇంటివారు ధైర్యపడేది ఈ వ్యవధిలోనే. ఆ తర్వాత కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ళముందు మంచు కమ్మినట్టు ఉండడం మొదలవుతాయి.

మజ్జిగ, నిమ్మరసం తాగించి పడుకోబెడితే ఉన్న సమయం కాస్తా పోతుంది. కాలేయంలో జరిగే ఆ మార్పును ఆపే మందులున్నాయి, డయాలసిస్‌తో విషాన్ని తీసివేయవచ్చు. ఆలస్యమైతే ప్రాణం దక్కినా చూపు తిరిగి రాకపోవచ్చు. ఏమి తాగాడో, ఎప్పుడు తాగాడో మా దగ్గర దాచకండి. వైద్యం కోసమే అడుగుతాము. మిగిలిన సీసా ఉంటే వెంట తెండి. అదే సారా తాగినవారు ఇంకెవరైనా ఉంటే, బాగానే కనబడుతున్నా సరే, వారినీ తీసుకురండి.