భుజం మార్పిడి సర్జరీ: రిజిస్ట్రీలు ఏం చెబుతున్నాయి? మార్కాపురం, గిద్దలూరు పేషెంట్లు ఏ కాగితం దాచుకోవాలి?

మీరు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్నారనుకుందాం. భుజం కీలు అరిగిపోయిందని, మార్చాలని డాక్టర్ చెప్పారంటూ గిద్దలూరు నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. మోకాలి మార్పిడైతే తెలిసినవాళ్లలో చేయించుకున్నవారు నలుగురైనా ఉంటారు, అడగొచ్చు. భుజం మార్పిడి అలా కాదు, చేయించుకున్న మనిషి దొరకడమే కష్టం.

కొత్త కీలు ఎన్నేళ్లు పనిచేస్తుంది? మళ్లీ కోయాల్సి వస్తుందా? ఏ రకం పెట్టించుకోవాలి? ఈ ప్రశ్నలకు ఏ ఒక్క డాక్టర్ అనుభవం కన్నా గట్టి జవాబు కొన్ని దేశాల జాతీయ జాయింట్ రిజిస్ట్రీలలో ఉంది.

రిజిస్ట్రీ అంటే?

కీలు మార్పిడి జరిగిన ప్రతిసారీ పేషెంట్ వయసు, ఆపరేషన్‌కు కారణం, ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, లాట్ నంబర్ దేశం మొత్తానికీ ఒకేచోట నమోదవుతాయి. అదే మనిషికి ఆరేళ్ల తర్వాత వేరే ఊళ్లో మళ్లీ ఆపరేషన్ జరిగితే ఆ వివరం పాత రికార్డుకు జతపడుతుంది. దీంతో ఏ మోడల్ తొందరగా పాడవుతోందో కంపెనీ చెప్పక ముందే లెక్కల్లో బయటపడుతుంది. స్వీడన్ 1975లో మోకాళ్లతో ఈ పని మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా రిజిస్ట్రీ 1999లో ప్రారంభమైంది. ఇంగ్లండ్, వేల్స్ రిజిస్ట్రీ 2003లో వచ్చింది. భుజాల లెక్క మాత్రం 2012లోగానీ అందులో చేరలేదు.

అన్నిచోట్లా కనిపించే మార్పు ‘రివర్స్’

మామూలు భుజంలో దండచేయి ఎముక పైన బంతి ఉంటుంది, రెక్క ఎముక పక్కన చిన్న గిన్నె ఉంటుంది. పాత పద్ధతి ఈ అమరికనే లోహం, ప్లాస్టిక్‌తో తిరిగి కడుతుంది. బంతిని గిన్నెలో సరిగ్గా నిలిపి ఉంచేది చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ అనే కండరాల పట్టీ. వయసు మీదపడినవారిలో ఆ పట్టీ తరచూ చిరిగిపోయి ఉంటుంది. అది పనిచేయనప్పుడు కొత్త కీలు పెట్టినా చేయి పైకి లేవదు.

1980లలో ఫ్రాన్స్‌లోని డిజాన్‌కు చెందిన సర్జన్ పాల్ గ్రామోంట్ ఈ అమరికను తలకిందులు చేశారు. బంతిని రెక్క ఎముకకు, గిన్నెను చేతి ఎముకకు బిగించారు. అప్పుడు కఫ్ లేకపోయినా భుజం పైనున్న పెద్ద కండరం, డెల్టాయిడ్, ఒక్కటే చేతిని ఎత్తగలుగుతుంది. అమెరికాలో దీనికి 2003లో అనుమతి వచ్చింది. మొదట కఫ్ పూర్తిగా పోయిన వృద్ధులకే వాడేవారు. తర్వాత పడిపోయి భుజం ముక్కలైన వృద్ధులకు, ఆపై మామూలు అరుగుదలకు కూడా వాడటం పెరిగింది. ఇప్పుడు ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ లెక్కల్లో ఎక్కువ భాగం రివర్స్ భుజాలే. సగం కీలు మాత్రమే మార్చే పాత పద్ధతి బాగా తగ్గిపోయింది.

అందరూ చేయించుకుంటున్నారు కాబట్టి అందరికీ మంచిదే అనుకోకండి. రివర్స్‌లో తొలి ఏళ్లలో మళ్లీ ఆపరేషన్‌కు దారితీసే ముఖ్య కారణాలు కీలు జారిపోవడం, ఇన్ఫెక్షన్. పాత పద్ధతిలో సమస్య గిన్నె వదులవడం, కఫ్ తర్వాత చిరగడం. గిన్నెకు వెనక లోహపు పళ్లెం ఉన్న రకాలు త్వరగా పాడవుతున్నాయని ఆస్ట్రేలియా లెక్కలే చూపించాయి.

నిలిచే కాలం విషయంలో మొత్తమ్మీద కబురు మంచిదే. వేర్వేరు దేశాల రిజిస్ట్రీలను కలిపి చూస్తే పదేళ్ల తర్వాత కూడా 90 శాతానికి పైగా భుజాలు అలాగే ఉన్నాయి. కానీ వయసును బట్టి కథ మారుతుంది. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో 1998-2017 మధ్య జరిగిన ఆపరేషన్ల అధ్యయనం ప్రకారం 55-59 ఏళ్ల మగవారిలో జీవితకాలంలో మళ్లీ సర్జరీ అవసరమయ్యే అవకాశం నలుగురిలో ఒకరికి. 85 దాటిన మహిళల్లో అది 37 మందిలో ఒకరికే. పలకల క్వారీలోనో, పొలంలోనో ఇంకా బరువులు మోస్తున్న 55 ఏళ్ల మనిషి తొందరపడకూడదనేది ఇందుకే.

మన దగ్గర లెక్క ఎవరి దగ్గరుంది?

భారత్‌లో తుంటి, మోకాలి సర్జన్ల సంఘం ఒక రిజిస్ట్రీ నడుపుతోంది. అందులో వివరాలు ఇవ్వడం స్వచ్ఛందం. ప్రతి ఆసుపత్రీ తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జాతీయ రిజిస్ట్రీ లేదు. దీనివల్ల నష్టమేంటో తెలియాలంటే భుజం వదిలి తుంటి దగ్గరకు వెళ్లాలి. జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్‌లో లోపాన్ని ఆస్ట్రేలియా రిజిస్ట్రీ ముందే పసిగట్టింది. 2010 ఆగస్టులో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా దాన్ని వెనక్కి తీసుకుంది. మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లలో దాన్ని వాడారు. కేంద్రం పరిహారం లెక్కగట్టే వేళకు సుమారు 3,600 మంది ఎక్కడున్నారో తెలియలేదు. పరిహారం ఉంది, తీసుకోవాల్సిన మనిషి చిరునామా లేదు!

పశ్చిమ ప్రకాశంలో ఈ ముప్పు ఇంకా ఎక్కువని నా అభిప్రాయం. మార్కాపురం రోడ్ స్టేషన్‌లో గానీ, గిద్దలూరులో గానీ రైలెక్కితే ఒకవైపు గుంటూరు, మరోవైపు నంద్యాల. పెద్ద కేసులు ఒంగోలు, కర్నూలు, హైదరాబాద్ కూడా వెళతాయి. ఎక్స్‌రే ఒక ఊళ్లో, ఆపరేషన్ ఇంకో ఊళ్లో, ఫిజియోథెరపీ ఇంటి దగ్గర. పూర్తి ఫైలు ఏ ఒక్కరి దగ్గరా ఉండదు.

ఈ ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. భారత్‌లో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదటిసారి గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ జిల్లాలోని కనిగిరి, పొదిలి ప్రాంతాలు 1970లో ప్రకాశంలో కలిశాయి. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. ఆ బిగుతుకు భుజం మార్చడం మందు కాదు. షుగర్ ఉన్నవారిలో తరచూ కనిపించే ఫ్రోజెన్ షోల్డర్ కూడా చాలామందికి వ్యాయామం, మందులు, ఇంజెక్షన్‌తోనే, కొంత ఆలస్యమైనా, తగ్గుతుంది. కాబట్టి ‘మార్చాలి’ అన్న మాట వినగానే నొప్పి అరుగుదల వల్లా, కఫ్ చిరగడం వల్లా, వేరే కారణమా అని అడగండి.

ఆపరేషన్ ఖాయమైతే పాతదా, రివర్సా, ఎందుకని అడగండి. ఆ సర్జన్ ఏడాదికి ఎన్ని భుజాలు చేస్తారో అడగడానికి మొహమాటం వద్దు. 2017 ఆగస్టులో వచ్చిన ధరల పరిమితి ఉత్తర్వు మోకాలి ఇంప్లాంట్లకే, భుజానికి కాదు. అందుకే ఇంప్లాంట్ ధర విడిగా రాయించుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే మీ కేసు ప్యాకేజీలోకి వస్తుందా లేదా అన్నది ముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను గానీ, 104కు ఫోన్ చేసి గానీ కనుక్కోండి.

ఇక ఆ కాగితం సంగతి. ఇంప్లాంట్ పెట్టె మీద కంపెనీ పేరు, మోడల్, సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్లు వస్తాయి. వాటిని ఆపరేషన్ నోట్స్‌లో అతికిస్తారు. డిశ్చార్జి రోజున ఆ పేజీ కాపీ అడిగి తీసుకోండి. అక్కడే ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. బిల్లు పోయినా ఫర్వాలేదు, ఇది పోకూడదు. తర్వాత ఇంప్లాంట్‌తో ఇబ్బంది వస్తే కేంద్రం 2015లో మొదలుపెట్టిన మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి ఫిర్యాదు చేయొచ్చు. టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. ఫోన్ చేసేటప్పుడు ఆ స్టిక్కర్ ఫొటో ఎదురుగా పెట్టుకోండి.